ద హార్డర్ దే ఫాల్: స్టైల్ ముందొచ్చింది, పగ లేటుగా వచ్చింది

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన వెస్టర్న్ ఇది. చిన్నప్పుడు తన కళ్లముందే అమ్మానాన్నల్ని చంపి, నుదుటి మీద కత్తితో శిలువ గీసిన రూఫస్ బక్ మీద నాట్ లవ్ పగ. డైరెక్టర్ జేమ్స్ శామ్యూల్, మ్యూజిక్ కూడా ఆయనదే. అందుకే గుర్రం నడకలో కూడా బీట్ వినిపిస్తుంది. తెల్లవాళ్ల ఊరు ఎలా చూపించాడో తెలుసా? ఊరంతా సున్నం కొట్టినట్టు తెల్లగా! థియేటర్లో అయితే విజిల్సే.

మరి ప్రాబ్లమ్? రూఫస్ అలా ఎందుకయ్యాడో క్లైమాక్స్‌లో గానీ చెప్పరు. స్పాయిలర్ ఇవ్వను గానీ, అక్కడ ఇద్రిస్ ఎల్బా ఏడిపించేస్తాడు. అప్పటిదాకా ఊరికే స్టైల్‌గా నిలబెట్టారంతే.

ఇంకోటి, ఈ పేర్లు చాలావరకు నిజంగా బతికిన నల్లజాతి మనుషులవి. అసలు మేరీ మోంటానాలో పోస్టు బండి తోలింది. సినిమాలో సెలూన్ ఓనర్. ఆ బండే చూపించి ఉంటే!