చీలమండలో ఆస్టియాయిడ్ ఆస్టియోమా: బెణుకుగా పొరబడే అరుదైన ఎముక కణితి

1. ఉపోద్ఘాతం

కణితి అనగానే క్యాన్సర్ స్ఫురించడం లోకసహజం. కాని ఎముకలలో పుట్టే కణితులన్నీ ప్రాణాంతకాలు కావు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అటువంటి నిరపాయకర కణితి. 1935లో అమెరికన్ వైద్యశాస్త్రజ్ఞుడు హెన్రీ జాఫే దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. ఇది ఎక్కువగా తొడ ఎముకలోను, మోకాలి కింది పెద్ద ఎముకలోను కనిపిస్తుంది. పాదంలో, చీలమండలో అరుదు. అక్కడ పుట్టినప్పుడు తరచుగా చీలమండ కీలులోని టేలస్ ఎముకను ఆశ్రయిస్తుంది. ఈ వ్యాధి జాడ తొలుత రోగి మాటలోనే దొరుకుతుందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నొప్పి స్వభావం

ఈ కణితి కేంద్రభాగం సాధారణంగా 2 సెంటీమీటర్లకు మించదు. పరిమాణం స్వల్పమే అయినా బాధ తీవ్రం. కణితిలో అధికంగా ఉత్పత్తి అయ్యే ప్రోస్టాగ్లాండిన్లు ఇందుకు ప్రధాన కారణం. వాటి ఉత్పత్తిని అడ్డుకునే ఆస్పిరిన్ వంటి మందులతో నొప్పి త్వరగా ఉపశమిస్తుంది.

తెలుగులో నొప్పిని తెలిపే మాటలు అనేకం. అడుగు వేస్తే కలుక్కుమనే నొప్పి వేరు, పడుకున్నాక సలిపే నొప్పి వేరు. బెణుకు నొప్పి సాధారణంగా విశ్రాంతితో తగ్గుతుంది. ఈ కణితి నొప్పి తరచుగా రాత్రివేళ పెరిగి నిద్ర చెడగొడుతుంది.

3. నిర్ధారణలో చిక్కులు

ఈ వ్యాధి ఎక్కువగా బాల్య, యౌవనాలలో వస్తుంది. ఆటలాడే వయసు కాబట్టి చీలమండ నొప్పిని బెణుకుగా భావించడం సులభం. పైగా కణితి కీలును ఆనుకొని ఉంటే వాపు వచ్చి కీళ్లవాతాన్ని తలపిస్తుంది. రాత్రి నొప్పి స్పష్టంగా లేకపోవడమూ కద్దు. తొలి ఎక్స్‌రేలో కణితి కనబడకపోవచ్చు. ఎమ్మారైలో చుట్టుపక్కల వాపే ప్రస్ఫుటమై అసలు కణితి మరుగున పడవచ్చు. పలుచని పొరలుగా తీసే సీటీ స్కాన్ దానిని స్పష్టంగా చూపుతుంది. ఈలోగా నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు గడిచిపోతాయి.

4. చికిత్స

కొందరిలో మందులతో బాధ అదుపులో ఉండి, కొన్నేళ్లకు కణితి దానంతటదే శమిస్తుంది. లేనిచో శస్త్రచికిత్సతో తొలగిస్తారు. 1990ల నుండి సీటీ సాయంతో సూదిని కణితిలోకి పంపి, రేడియో తరంగాల వేడితో నశింపజేసే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. టేలస్ విషయంలో కీలు మృదులాస్థి దెబ్బతినకుండా ప్రత్యేక జాగ్రత్త అవసరం.

5. ముగింపు

రాత్రి నొప్పి అంతా కణితి కాదు. అయితే నయం కాని బెణుకును మళ్లీ పరిశీలించాలి. నొప్పి ఎంత అని అడిగినంతనే సరిపోదు. ఎప్పుడు, ఎలా అని కూడా అడగాలి. రోగి "సలుపు" అన్నప్పుడు ఆ మాట కేవలం ఫిర్యాదు కాదు, నిర్ధారణకు తొలి ఆధారం.