ఆటల కంప్యూటరు కూర్పు

మేడ కట్టువాడు పైయంతస్తునకు ఇప్పుడు సొమ్ము చాలకున్నను, స్తంభముల ఇనుపకమ్ములను కప్పుమీద కొంత పొడవు విడిచిపెట్టును. స్వల్పధనముతో ఆటల కంప్యూటరును కూర్చుకొనువాడును ఇట్లే చేయవలెను. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి బజారులలో విడిభాగములన్నియు దొరకును. ఏ భాగమును తరువాత సులభముగా మార్చవచ్చునో, దేనిని మార్చినచో తక్కినవానినిగూడ మార్చవలసివచ్చునో తెలిసికొనుటయే కష్టము.

కంప్యూటరునకు పునాది మదర్‌బోర్డు. ప్రాసెసరు దానిమీది సాకెట్టులో అమరును. ఒక సాకెట్టునకై చేసిన ప్రాసెసరు వేఱొకదానిలో ఇమడదు. ఏ.ఎం.డి. సంస్థ 2016లో ఏ.ఎం.4 అను సాకెట్టును వెలువరించెను. 2017లో అట్టి బోర్డు కొన్నవారిలో అనేకులు, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసరును ఆ బోర్డుమీదనే అమర్చుకొనగలిగిరి. బయాస్ అను లోపలి ప్రోగ్రామును మాత్రము నవీకరింపవలసివచ్చెను. 2022లోనే ఏ.ఎం.5 అను క్రొత్త సాకెట్టు వచ్చెను. ఇది డి.డి.ఆర్.5 తరగతి ర్యామును మాత్రమే గ్రహించును, పాత డి.డి.ఆర్.4 స్టిక్కునకు గంటు వేఱుచోట నుండుటచే అది ఈ బోర్డులో దూరనే దూరదు. కావున ఏ.ఎం.4 బోర్డు చవుకగా దొరికినను, దాని పెరుగుదల చివరకు వచ్చినదని ఎఱిగియే కొనవలెను.

ర్యాము విషయమున ఒక చిక్కు కలదు. ఒకే రకపు స్టిక్కులు రెండున్నచో ప్రాసెసరు రెండు దారులను ఒక్కసారిగా వాడుకొని త్వరగా పనిచేయును. 16 గిగాబైట్లకు 8 చొప్పున రెండు కొనుమని అందుచేతనే చెప్పుదురు. కాని బోర్డుమీద రెండే స్లాటులున్నచో, పెంచదలచిన నాడు ఆ రెంటిని తీసివేయక తప్పదు. నాలుగు స్లాటులున్నను డి.డి.ఆర్.5లో అన్నిటిని నింపినపుడు వేగము తగ్గుట కలదు. కావున నేడు 16 గిగాబైట్ల స్టిక్కు నొక్కటి కొని, రెండవదానికై వేచియుండుట మేలు. అంతవఱకు కొంత మాంద్యమును సహింపవలెను.

ఆటలలో బొమ్మలను గీయునది గ్రాఫిక్సు కార్డు. సొమ్ములో పెద్దభాగము దీనికే పోవును. ఐనను తీసి మార్చుటకు ఇంత సులువైన భాగము మఱియొకటి లేదు. కావున దీనిని వాయిదా వేయవచ్చును. 2024లో వెలువడిన రైజెన్ 5 8600జి వంటి ప్రాసెసరులలో బొమ్మలు గీయు శక్తి లోపలనే కొంత యుండును. తేలికపాటి ఆటలు దానితోనే సాగును. పేరు చివర ఎఫ్ అను అక్షరమున్న వానిలో ఈ శక్తి యుండదు. కార్డు లేనిదే తెరమీద ఏమియు కనబడదు.

విద్యుత్తు నందించు భాగమును దుకాణములలో ఎస్.ఎం.పి.ఎస్. అందురు. ఇది ఆటను వేగపఱచదు. అందుచేత పొదుపు చేయదలచినవాని చేయి మొదట దీనిమీదనే పడును. ఇంతకంటె నష్టకరమైన పొదుపు లేదు. గ్రాఫిక్సు కార్డు తన స్లాటునుండి 75 వాట్లవఱకును, 8 పిన్నుల తీగనుండి 150 వాట్లవఱకును తీసికొనవచ్చును. ఆర్.టి.ఎక్స్. 4060 కార్డునకు 115 వాట్లు చాలును. ఐనను కంప్యూటరు మొత్తమునకు 550 వాట్ల సరఫరా ఉండవలెనని ఎన్విడియా సంస్థ సూచించినది. కార్డు లేని నేటి యవసరమును చూచి చిన్నదానిని కొన్నవాడు, కార్డు తెచ్చిన నాడు దానిని పాఱవేసి మఱియొకటి కొనవలసివచ్చును. ఇక 80 ప్లస్ అను ముద్ర, గోడనుండి తీసికొన్న ప్రతి 100 వాట్లలో సుమారు 80కి తక్కువ కాకుండ లోపలి భాగముల కందునని మాత్రమే తెలుపును. తీగలు కలిసిపోయినపుడు, భారము మించినపుడు తనంతట ఆగిపోవు రక్షణలున్నవో లేవో, హామీ ఎన్నేండ్లో వేఱుగా అడిగి తెలిసికొనవలెను. నాసిరకపు ఎస్.ఎం.పి.ఎస్. చెడునపుడు ఒంటరిగా చెడకపోవచ్చును. బోర్డును, కార్డునుగూడ తనవెంట తీసికొనిపోయినచో, ఇంటివారు నెలలతరబడి కూడబెట్టిన ధనము ఒక్క క్షణమున పోవును.

క్యాబినెట్టు గాజుతలుపును, రంగుదీపములను చూచి మోసపోరాదు. ముందువైపు గాలి చొచ్చుటకు జాలి యున్నదా, వెనుక వేడిగాలి పోవుటకు పంకా యున్నదా అని చూడవలెను. మన వేసవులలో ఇది చిన్న విషయము కాదు. పొడవైన కార్డులు 300 మిల్లీమీటరులకు మించియు నుండును. క్యాబినెట్టులో ఎంత పొడవు కార్డు పట్టునో దాని వివరపత్రములో వ్రాసియుండును. సొమ్ము చెల్లింపకమునుపే ఆ అంకెను చదువవలెను.