ఏసీ కొనే ముందు ఇంటి కప్పు చూడండి

రెంటచింతల: రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఏ ఊరివాళ్ళు పుట్టించారో గాని, అది పల్నాటికి సరిగ్గా అతుకుతుంది. ఎండల వార్తల్లో రెంటచింతల పేరు రాని వేసవి అరుదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా బలయ్యారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. కనుక ఎయిర్ కండిషనరును ఇప్పుడు ఎవరూ డాబుసరి వస్తువుగా చూడటం లేదు. ఇంట్లో ముసలివాళ్ళో పసిబిడ్డో ఉంటే అది అవసరం కిందే లెక్క.

మిరపకాయల డబ్బు చేతికందే రోజులూ, ఎండలు ముదిరే రోజులూ ఒకటే కావడంతో చాలామంది హడావుడిగా కొట్టుకు వెళతారు. 'ఎన్ని టన్నులు, ఎంత ధర' అని రెండే ప్రశ్నలు వేస్తారు. అసలు చూసుకోవలసినవి కొట్లో లేవు, ఇంట్లోనే ఉన్నాయి. అవి కప్పు, గోడ, కరెంటు తీగ.

గొట్టాలు లేని ఇళ్ళకు ఏది?

పట్నం సినిమా హాళ్ళలో ఒక పెద్ద యంత్రం గాలిని చల్లబరిస్తే, కప్పు కింద రేకు గొట్టాల గుండా ఆ గాలి హాలంతా పరుచుకుంటుంది. మన ఇళ్ళకు అలాంటి గొట్టాలు లేవు. పాత ఇంట్లో కొత్తగా పెట్టించాలంటే గోడలూ కప్పూ కదిలించాలి. అంత ఖర్చు ఎవరికీ అక్కరలేదు. గొట్టాలు అవసరం లేనివి రెండు రకాలున్నాయి: కిటికీ ఏసీ, స్ప్లిట్ ఏసీ.

కిటికీ ఏసీ ధర తక్కువ. అయితే దాని పక్కలనున్న జాలీలు గోడ బయటికి రావాలి, అక్కడి నుంచే అది గాలి పీలుస్తుంది. పల్నాడులో రాతి గోడలు రెండడుగుల మందం ఉన్న ఇళ్ళు తక్కువేమీ కావు. అలాంటి గోడలో బిగిస్తే జాలీలు మూసుకుపోయి యంత్రానికి ఊపిరాడదు. అక్కడ స్ప్లిట్ మేలు. ఒక పెట్టె గదిలో, మరొకటి బయట ఉంటాయి. రెంటినీ కలిపే రాగి గొట్టాలకు గోడలో మూడంగుళాల రంధ్రం చాలు.

పెంకుటింట్లో, సిమెంటు రేకుల ఇంట్లో కప్పు సందుల్లోంచి చల్లదనం పోతుంది, రేకు వేడి కిందికి దిగుతుంది. అలాంటి చోట ఒక్క గదికి సీలింగు కొట్టించి, తలుపు సందులు మూసిన తరువాతే ఏసీ మాట ఎత్తాలి.

అసలు ఏసీయే కావాలా అన్నది కూడా ఆలోచించాలి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది గనుక నీటి కూలరు ఇక్కడ బాగా పనిచేస్తుంది, కరెంటు కూడా తక్కువే. సముద్రం దగ్గరి బాపట్ల, రేపల్లెల్లోని ఉక్కపోతకు అది చాలదు.

టన్ను బరువు కాదు

టన్ను అంటే యంత్రం బరువని కొందరి భ్రమ. ఒక టన్ను మంచుగడ్డ ఒక రోజులో కరుగుతూ ఎంత వేడిని లాగుతుందో, ఆ లెక్కనుంచి వచ్చిన కొలత ఇది.

పైన మరో అంతస్తు ఉన్న గది 120 చదరపు అడుగుల దాకా ఉంటే ఒక టన్ను చాలు. అదే గది నేరుగా శ్లాబు కింద ఉంటే, పడమటి గోడకు ఎండ కొడుతుంటే, టన్నున్నర కావాలి. పగలంతా ఎండ తాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. మేడమీద గదిలో ఏసీ వేసినా చల్లబడటం లేదన్న ఫిర్యాదులు చాలావరకు ఇందువల్ల వచ్చేవే.

దీనికి మందు మన జిల్లాలోనే దొరుకుతుంది. పిడుగురాళ్ళ సున్నాన్ని శ్లాబు పైన రెండు పూతలు వేయిస్తే ఎండ వెనక్కి తిరిగిపోతుంది. గదిలో రెండు మూడు డిగ్రీల తేడా కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానాన్నే ప్రకటించింది. కప్పుకు సున్నం, పడమటి కిటికీకి తడక పెట్టాక కొలత వేసుకుంటే టన్నున్నర బదులు టన్నుతో సరిపోయినా ఆశ్చర్యం లేదు.

తీగ సంగతి

టన్నున్నర యంత్రం నిండుగా నడిచేటప్పుడు కిలోవాటున్నర, ఆపైన లాగుతుంది. ఫ్యాను తీగకు దాన్ని తగిలిస్తే తీగ కాలిపోతుంది. మీటరు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ విడిగా లాగించాలి. దానికి విడిగా ఎంసీబీ, సరైన ఎర్తు ఉండాలి. విద్యుత్ కార్యాలయంలో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టాలి. వ్యవసాయ మోటారు లైను నుంచి ఇంటికి తీగ లాగడం నేరమే కాదు, ప్రాణాపాయం కూడా.

'ఇన్వర్టర్ ఏసీ' అంటే కరెంటు పోయినా నడుస్తుందని అనుకుంటున్నారు. అది పొరపాటు. అందులో బ్యాటరీ ఉండదు. గది చల్లబడేకొద్దీ కంప్రెసరు వేగం తగ్గించుకుని కరెంటు ఆదా చేయడమే దాని పని. ఓల్టేజి ఎంతకు పడిపోతే తట్టుకుంటుందో పెట్టె మీద చదవండి. సాయంత్రం మీ ఊళ్ళో అంతకంటే తగ్గితే స్టెబిలైజరు తప్పదు.

నక్షత్రాలూ బిల్లూ

లేబుల్ మీది నక్షత్రాల కొలబద్దను 2018లోనూ, 2022లోనూ బిగించారు. పాత సరుకు మీది అయిదు నక్షత్రాలు కొత్త అయిదుకు సమానం కావు. అందుకే లేబుల్ మీద సంవత్సరం చూడాలి. ఏటా ఎన్ని యూనిట్లన్న అంకె కూడా అక్కడే ఉంటుంది. అది ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసిన లెక్క.

రెండు నెలలు రాత్రి ఆరేసి గంటలు వాడే ఇంటికి 360 గంటలే. టన్నున్నరలో మూడు నక్షత్రాలకూ అయిదుకూ లేబుల్ మీద తేడా సుమారు 200 యూనిట్లయితే, ఆ ఇంటికి మిగిలేది 45 యూనిట్లు, అంటే నాలుగు వందల రూపాయలలోపు. ధరలో ఎనిమిది వేలు తేడా ఉంటే రాబట్టుకోవడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఏడెనిమిది నెలలు వాడేవారికి మాత్రం అయిదు నక్షత్రాలే లాభం.

ఇక బిల్లు. నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు రాత్రి ఆరు గంటలు ఏసీ వేస్తే, వేడి శ్లాబు కింద గంటకో యూనిట్ చొప్పున 180 యూనిట్లు పెరుగుతాయి. 2022లో ప్రకటించిన ధరల పట్టిక ప్రకారం 225 యూనిట్లు దాటాక యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు. ఆ పట్టిక లెక్కన నెలకు 1,200 రూపాయల దాకా అదనం. ఇతర చార్జీలు దీనికి వేరు. 26 డిగ్రీలకు పెట్టి ఫ్యాను వేసుకుంటే ఇందులో కొంత తగ్గుతుంది.

బిగింపులో జాగ్రత్తలు

బయటి పెట్టె ఉత్తరం వైపో తూర్పు వైపో నీడలో ఉండాలి. దాని ముందు గడ్డివామి, మిరప టిక్కీలు పేర్చకూడదు. గొట్టాలు బిగించాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ చెమ్మనూ తీయించాలి. ఆ పని చేయకుండా పోయే మెకానిక్‌కు డబ్బు ఇవ్వకండి. దుమ్ము ఎక్కువ గనుక గదిలోని జాలీని పదిహేను రోజులకోసారి కడుక్కోవాలి. కంప్రెసరుకు పదేళ్ళ హామీ అని ఊరిస్తారు. ఓల్టేజి దెబ్బకూ బల్లి దూరినప్పుడూ ముందు పోయేది లోపలి సర్క్యూట్ బోర్డు. దానికి హామీ ఎన్నేళ్ళో అడిగి కాగితం మీద రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో అది కనబడాలి.

చివరిగా ఒక మాట. ఏసీ ఒక్కటే కొనగలిగితే అది ఎవరి గదిలో ఉండాలి? చాలా ఇళ్ళలో అది మేడమీద కొత్త దంపతుల గదికి పోతుంది, అవ్వ మాత్రం రేకుల వసారాలో మంచమేసుకుని విసనకర్రతో ఉంటుంది. వడదెబ్బ ముందుగా తాకేది ఆమెనే. కింది గదిలో బిగిస్తే టన్నుతోనే సరిపోతుంది, బిల్లు తగ్గుతుంది, మధ్యాహ్నం పూట అవ్వా మనవళ్ళూ అక్కడే నడుం వాలుస్తారు.