దొరసానుల లేసు, మన ఆడపడుచుల వేళ్లు

నరసాపురం, పాలకొల్లు పల్లెల్లో మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని లేసు అల్లే స్త్రీలు కనిపిస్తారు. ఈ విద్య సముద్రం దాటి వచ్చింది.

1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం చేరి గోదావరి డెల్టా మిషన్‌కు నాంది పలికారు. ఒకరు రాతి పనివాడు, మరొకరు చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువుల వారేమీ కారు. తెలుగు నేర్చుకుని ఊరూరా బోధించారు. ఆ శతాబ్దంలోనే మిషనరీ ఇళ్ల ఆడవారు మన స్త్రీలకు కొక్కెపు సూది పట్టడం నేర్పారు.

అల్లిన లేసును స్కాట్లండు, ఇంగ్లండులలోని స్నేహితులకు పంపితే, వారు అందుకు బదులుగా మిషన్‌కు విరాళాలు పంపేవారు. మన పనితనం వారికి మరీ కొత్త కాదు లెండి. పక్కనున్న మాధవాయిపాలెం పేరు మీదనే ‘మడపొల్లం’ అనే నూలుబట్ట ఐరోపాలో చెలామణి అయింది.

20వ శతాబ్దంలో వర్తకులు దిగారు. క్రైస్తవ గృహాల నుంచి ఘోషా పాటించే కాపు ఇళ్లకూ లేసు పాకింది. 1970ల చివర జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ వచ్చి చూసేసరికి, రోజంతా అల్లినా రూపాయి గిట్టడం లేదు. ‘ఇంటి పట్టున ఊరికే ఉండేవాళ్లు’ అని లెక్క గట్టబట్టే కూలి అంత చవకయిందని 1982లో వెలువడిన పుస్తకంలో ఆమె వాదించారు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ముద్ర వల్ల సూది పట్టినామె చేతికి ఎంత అదనంగా వస్తుందో షావుకారు ఖాతా చూస్తే గాని తెలియదు.