"పాలపండ్లే గదా, ఊడిపోతయ్": పిల్లల దంతాలపై అపోహలు, వాస్తవాలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో, తండాల్లో, ముందుపండ్లు నల్లబడి అరిగిపోయిన మూడేళ్ళ బిడ్డను చూపించి "ఇదేందమ్మా?" అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ఒక్కటే: "పాలపండ్లే గదా, ఊడిపోతయ్." పిల్లల పండ్లకు జరిగే నష్టంలో చాలావరకు ఈ మాట దగ్గరే మొదలవుతుంది.

పాలపండ్లు ఇరవై. ఆరో నెల ప్రాంతంలో మొదలై రెండున్నర, మూడేళ్ళకు అన్నీ వచ్చేస్తాయి. ముందుపండ్లు ఆరేడేళ్ళకు ఊడతాయన్నది నిజమే. కానీ నమిలే దవడపండ్లు పది, పన్నెండేళ్ళ దాకా నోట్లో ఉండాల్సినవి. నాలుగేళ్ళకే అవి పుచ్చిపోతే ఆ తర్వాత ఆరేడేళ్ళు బిడ్డ దేనితో నమలాలి? అన్నం ముద్దను బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చునే పిల్లలను మొండివాళ్ళని తిడతాం. వాళ్ళలో కొందరికి అది మొండితనం కాదు, నొప్పి. పుప్పి లోతుకు దిగి వేరు దగ్గర చీము పడితే, దాని కిందే ఎముకలో తయారవుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతిని మచ్చలతో, గుంటలతో వస్తుంది. దవడపన్నును ముందే పీకేస్తే పక్కపండ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తర్వాత వచ్చే పన్నుకు జాగా ఉండదు, వంకరగా వస్తుంది.

పుప్పి అరుదైన జబ్బు కూడా కాదు. 2002–03లో భారత దంత వైద్య మండలి చేసిన జాతీయ సర్వేలో ఐదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి పుప్పిపండ్లు కనిపించాయి.

"పాలపండ్లే గదా" అన్న అపోహ వల్లే ఇంకో పెద్ద పొరపాటు జరుగుతోంది. ఆరేళ్ళ వయసులో, అంటే ఒకటో తరగతిలో, చివరి పాలపన్ను వెనకాల కొత్త దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. అది పుచ్చినా "పాలపన్నే" అని వదిలేస్తారు. నిజానికి అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. గుర్తుపట్టడం తేలిక. ముందుపండ్ల నడుమ నుంచి ఒక పక్కకు లెక్కపెట్టుకుంటూ పోతే ఐదో పన్నుతో పాలపండ్లు అయిపోతాయి, ఆరోది శాశ్వత దవడపన్ను. దాని మీద లోతైన గీతలు ఉంటాయి, తిండి అక్కడ ఇరుక్కుంటుంది. పుచ్చకముందే ఆ గీతలను సీలెంట్ అనే పూతతో మూసేయవచ్చు. నొప్పి ఉండదు, సూది ఉండదు.

"పన్నును పురుగు తిన్నది" అన్న మాట ప్రపంచమంతటా ఉన్న పాత నమ్మకం. మన దగ్గర వాకుడు గింజల పొగ పట్టించి పురుగులు రాల్చామని చెప్పేవాళ్ళుండేవారు. పన్నులో పురుగు ఉండదు. ఫ్రెంచి దంత వైద్యుడు పియర్ ఫొషార్ 1728లోనే ఈ మాట కాదన్నాడు. ఆ తర్వాత 1890లో మిల్లర్ అనే దంత శాస్త్రవేత్త అసలు సంగతి వివరించాడు. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతాయి, ఆ ఆమ్లం పన్ను పైపొరను కరిగిస్తుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే ఈ కరుగుడు మొదలవుతుంది. ఉమ్మి దాన్ని మళ్ళీ సరిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది.

అందుకే ఎంత తీపి తిన్నారన్నదాని కంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నది చూడాలి. పొద్దున చాయ్‌లో రస్కు, పదింటికి బిస్కెట్లు, మధ్యాహ్నం కిరాణా దుకాణంలో ఐదు రూపాయల చిప్స్, సాయంత్రం చాక్లెట్. ఇలా అయితే ఉమ్మికి పన్నును బాగుచేసే సమయమే దొరకదు. చిప్స్ తీపి కాదు కదా అంటారు. అది పిండి పదార్థం, పండ్ల సందుల్లో అతుక్కుని అక్కడే చక్కెరగా మారుతుంది. పండుగనాడు అన్నంతో పాటు తిన్న బూరె కంటే రోజంతా చప్పరించే లాలీపాప్ ఎక్కువ చేటు. స్వీడన్‌లో 1945–53 మధ్య విపెహోల్మ్ ఆస్పత్రిలో తేలిన విషయం కూడా ఇదే. మానసిక వైకల్యమున్న రోగులకు వారి అనుమతి లేకుండా జిగురు మిఠాయిలు తినిపించి చేసిన ప్రయోగమది. ఆ జ్ఞానానికి వాళ్ళు చెల్లించిన మూల్యాన్ని మరిచిపోకూడదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో కూడా చక్కెర ఉంటుంది. అలాగని మాన్పించకండి, బిడ్డ ఎదుగుదలకు అది కావాలి. పొడిపొడిగా రోజంతా చేతిలో పెట్టకుండా ఒక పూట తిండిగా కలిపి పెట్టి, తర్వాత నీళ్ళు తాగిస్తే చాలు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటు మాత్రం తప్పక మానాలి. నిద్రలో ఉమ్మి తగ్గుతుంది, పాలు పై పండ్ల మీద నిలుస్తాయి. నల్లబడే ముందుపండ్లు చాలావరకు పైవే కావడానికి కారణమిదే. కిందివాటిని నాలుక కాపాడుతుంది. తల్లిపాలు ఆపాల్సిన పని లేదు. మొదటి పన్ను వచ్చిన నాటి నుంచి రాత్రి పడుకోబెట్టే ముందు పండ్లు శుభ్రం చేయడం మొదలుపెట్టాలి.

ఇక "ఫ్లోరైడ్ విషం, ఆ పేస్టు వద్దు" అన్న మాట. ఈ ప్రాంతంలో దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. జనగామ, మహబూబాబాద్ జిల్లాలు ఫ్లోరైడ్ నీళ్ళతో నష్టపోయిన పాత నల్గొండకు పొలిమేరలో ఉన్నాయి. వంగిన కాళ్ళు, బిగిసిన నడుములు కళ్ళారా చూసిన జనం భయపడటంలో తప్పు లేదు. అయితే ఆ నష్టం చేసింది ఏళ్ళ తరబడి తాగిన బోరునీళ్ళు. మంచినీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్ళు బిడ్డ రోజుకు లీటరు తాగితే 4 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది. 1000 పీపీఎం (పది లక్షల్లో 1000 వంతుల) ఫ్లోరైడున్న పేస్టు బియ్యపు గింజంత పెట్టి, అదంతా మింగేసినా పోయేది 0.1 మిల్లీగ్రాము. నీళ్ళలో మోతాదు మించిన ఫ్లోరైడ్ పన్ను తయారయ్యే దశలోనే లోపల నుంచి చెడగొడుతుంది. పేస్టులోది పైన అంటి, ఆమ్లానికి కరగకుండా పైపొరను గట్టిపరుస్తుంది.

కాబట్టి మార్చాల్సింది పేస్టును కాదు, నీళ్ళను. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నదుల నీళ్ళు శుద్ధి అయి ఇళ్ళకు వస్తున్నాయి. ఇంటికి, పొలానికి తాగడానికి ఆ నీళ్ళే పట్టుకుపోవాలి. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళకు బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్షంతా నింపొద్దు. తోమాక ఉమ్మేయడం నేర్పాలి.

ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మచ్చలున్న పండ్లను మురికి పండ్లనుకుని బూడిదతో, ఇటుక పొడితో రుద్దించే ఇళ్ళున్నాయి. ఆ గోధుమరంగు పన్ను లోపలిది, రుద్దితే పోదు. పైపొర అరిగిపోయి పన్ను జివ్వున లాగడం తప్ప ఫలితముండదు. ఆ బిడ్డను బడిలో "పండ్లు తోముకోలేదా?" అని నిలబెట్టడం అన్యాయం. బొగ్గుతో తోమినా అరుగుదలే. పండ్లపొడిలో పొగాకు కలపడాన్ని దేశంలో 1992లోనే నిషేధించారు, అలాంటివి పిల్లల దగ్గరికి రానీయొద్దు. వేపపుల్ల చెడ్డది కాదు గానీ, చిన్నపిల్లల చేతిలో అది దవడపండ్ల సందులకు అందదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా తల్లో తండ్రో తోమాల్సిందే.

పండ్లు వచ్చేటప్పుడు విరేచనాలు, జ్వరం మామూలే అనుకోవడం అన్నిటికంటే ప్రమాదం. చిగుళ్ళు దురదపెడతాయి, చొంగ కారుతుంది, అంతవరకే. ఆ వయసులో పిల్లలు కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటారు, విరేచనాలు అందువల్ల వస్తాయి. వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి డాక్టరుకు చూపించాలి.

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందన్నది ఒట్టి మాట. కంటి నరం వేరు, పంటి నరం వేరు.

పంటి వైద్యం దూరమన్న మాట మాత్రం అపోహ కాదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీకి భూపాలపల్లి నుంచి 200 కిలోమీటర్లకు పైనే. అయితే ప్రతి పుప్పికీ యంత్రంతో తొలవాల్సిన పని లేదు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్క అద్దితే చాలా పుప్పులు అక్కడే ఆగిపోతాయి. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మందు పడ్డ చోట నల్లబడుతుంది, అది పుప్పి పెరిగినట్టు కాదు. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వాటి ఆస్పత్రుల్లో పండ్ల గురించి అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్ళు పరీక్షించాల్సిన వాటిలో పండ్లు కూడా ఉన్నాయి, నోరు తెరిపించి చూడమని తల్లిదండ్రులే అడగాలి. బుగ్గ వాచి, జ్వరం వచ్చి, బిడ్డ నోరు తెరవలేకపోతే మాత్రం ఆ బృందం కోసం ఆగొద్దు. లవంగ నూనెతో, ఊళ్ళో ఇచ్చే నొప్పి గోలీలతో సరిపెట్టకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి.