ఊగడం ఆగని కారు

అచ్చంపేట నుంచి మన్ననూరు వైపు వెళ్లేటప్పుడు ముందు వెళ్తున్న లారీ వెనక చక్రాలను ఒకసారి పరిశీలనగా చూడండి. గతుకు రాగానే చక్రం గబుక్కున పైకి లేస్తుంది. పైనున్న బస్తాలు మాత్రం అంతగా కదలవు. చక్రానికీ బరువుకూ నడుమ, ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన కట్ట ఉంటుంది. దాన్నే మన మెకానిక్కులు కమాను కట్ట అంటారు. గతుకు దెబ్బ తినేది అదే.

మా ఇంట్లో ఉన్న పాత అంబాసిడర్ కారుకు కూడా వెనకవైపు ఇవే కమాన్లు. ఈ కారును హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1958 నుంచి 2014 దాకా తయారుచేశారు. మా కారు కొంతకాలంగా గతుకు దాటాక కూడా పడవలా ఊగుతూ ఉండేది. ఇంట్లోవాళ్లు ఉయ్యాల కారు అని నవ్వేవారు, నేనూ నవ్వి ఊరుకున్నాను. ఒకనాడు గతుకుల దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. బ్రేకులు కొత్తగా వేయించినవే. అయినా కారు నేను అనుకున్న చోట ఆగకుండా మంద అంచుదాకా పోయింది. అదృష్టవశాత్తు ఒక్క గొర్రెకూ దెబ్బ తగల్లేదు.

కొత్త బ్రేకులుండి కూడా ఇలా ఎందుకైంది? బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. టైరు రోడ్డును ఎంత గట్టిగా అదిమితే ఘర్షణ అంత ఎక్కువ. చక్రం గాలిలోకి ఎగిరిన క్షణంలో ఆ ఘర్షణ సున్నా! నా కారు చక్రాలు గతుకు గతుక్కూ ఎగిరెగిరి పడుతున్నాయన్నమాట.

ఎందుకు ఎగురుతున్నాయో తెలుసుకోవడానికి చిన్న ప్రయోగం చేయండి. ఒక రబ్బరు బ్యాండుకు చిన్న రాయి కట్టి వేలాడదీయండి. రాయిని కొంచెం కిందికి లాగి వదలండి. అది చాలాసార్లు పైకీ కిందికీ ఊగుతుంది. లాగినకొద్దీ, లాగిన దూరానికి అనులోమానుపాతంలో స్ప్రింగు ఎదురు తిరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సంగతి మీ పాఠంలో చదివే ఉంటారు. స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది, తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని ఖర్చు చేయడం దానికి అంతగా చేతకాదు. ఇప్పుడు అదే రాయి నీళ్ల బకెట్లో మునిగి ఉండేలా చేసి ఊపండి. ఊపు త్వరగా చచ్చిపోతుంది. నీళ్లకు బదులు చిక్కని నూనె అయితే ఇంకా త్వరగా ఆగుతుంది. వీటినే అవరుద్ధ డోలనాలు అంటారు.

కారులో ఆ నూనె పని చేసేది షాక్ అబ్జార్బరు. పేరును బట్టి గతుకు దెబ్బను మింగేది అదేననుకుంటాం గాని, అది పొరపాటు. దెబ్బను తీసుకునేది స్ప్రింగు. ఆ తరువాతి ఊపును చంపేది షాక్ అబ్జార్బరు. దాని గొట్టంలో నూనె, నూనెలో ముషలకం, ముషలకానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. ముషలకం కదిలినప్పుడల్లా నూనె ఆ ఇరుకు దారిగుండా బలవంతంగా పోవాలి. ఊపులోని శక్తి అక్కడ వేడిగా మారుతుంది. లోపలి సీలు అరిగి నూనె కారిపోతే మిగిలేది ఖాళీ గొట్టం! మా కారు వెనక గొట్టాలు రెండూ నూనె, దుమ్ము కలిసి నల్లగా జిడ్డోడుతూ కనిపించాయి.

దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. నిలిపి ఉన్న కారును ఒక మూల గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి, కొద్దిగా దిగి నిలిచిపోతే మంచిదే. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బరు పని అయిపోయిందన్నమాట.

అంబాసిడర్ వెనకవైపు వీటిని మార్చడం ఇంటి దగ్గర చేసుకోదగిన పనే. ఇక్కడ కమాను కట్టను విప్పనక్కర్లేదు. ముందు చక్రాల దగ్గర చుట్టల స్ప్రింగు ఉండే కార్ల సంగతి వేరు. మీటరుకు 50,000 న్యూటన్ల దృఢత్వం ఉన్న స్ప్రింగును 10 సెం.మీ. నొక్కి పెట్టారనుకుందాం. అందులో దాగే శక్తి 250 జౌళ్లు. అంటే 25 కిలోల బస్తాను ఒక మీటరు ఎత్తు లేపగలిగేంత! అది ఒక్కసారిగా విడిపోతే ఏమవుతుందో ఊహించండి. మారుతి 800 ముందు స్ప్రింగు వంటివాటిని తగిన సాధనాలున్న మెకానిక్కుకే వదిలెయ్యాలి.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. జాకీతో కారు లేపి, ఆధారంగా కింద ఇటుకలు పేర్చాను. జాకీ దించగానే ఒక ఇటుక పటుక్కున పగిలి, కారు ఒక పక్కకు ఒరిగింది. ముందుజాగ్రత్తగా విప్పిన చక్రాన్ని కారు కింద పడుకోబెట్టి ఉంచడం వల్ల అది దాని మీద ఆగింది. ఇటుక ఎక్కడో ఒకచోట పడే ఒత్తిడికి హెచ్చరిక లేకుండా పగిలిపోతుంది. జాకీలో సీలు జారితే అదీ కుంగిపోతుంది. ఆ తరువాత ఇనుప స్టాండ్లు తెచ్చి, ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు పెట్టి గాని పని మొదలుపెట్టలేదు. మీరు మాత్రం పానాలు అందించండి, చూడండి. కారు కిందికి దూరకండి.

తుప్పు పట్టిన నట్లకు ముందు రాత్రే నూనె వేస్తే ఉదయానికి కదిలాయి. కొత్త గొట్టాలను నిలువుగా పట్టుకుని, లోపలి గాలి తొలగేదాకా కొన్నిసార్లు సాగదీసి మూశాను. రెండు పక్కలా ఒకేసారి మార్చాను. ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడు రెండు చక్రాలూ రోడ్డును ఒకేలా పట్టుకోవు.

కమాను చివర్లలోని రబ్బరు బుష్షులు కూడా ఎండి పగుళ్లు బారాయి. వీటిని మార్చేటప్పుడు చాలామంది తొందరపడతారు. కారు గాలిలో ఉండగానే బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడుతుంది. ఇక ఎప్పటికీ ఆ మెలికలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది. అందుకే నట్లు వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాక చివరి బిగింపు బిగించాను.

మరుసటి ఆదివారం మన్ననూరు దాకా వెళ్లాం. ఘాట్ రోడ్డుకు ముందు చెట్టు నీడలో కారు ఆపి, కిందికి వంగి గొట్టాలను మెల్లగా వేలితో తాకి చూశాను. రెండూ గోరువెచ్చగా ఉన్నాయి.