బొమ్మ మూలన సంతకం

మన పత్రికలో మహాకవులను గురించీ, దేశనాయకులను గురించీ పెద్దలు వ్రాస్తూ వుంటారు. అంత పాండిత్యం నాకు లేదు. నేను చెప్పబోయేది పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసినవారిని గురించి. వారి బొమ్మలు చూడని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. వారెవరో తెలిసిన ఇల్లు అంతకంటె అరుదు. మా ఇల్లు కూడా ఆ రెండవ జాబితాలోనిదే కాదు.

మేము తమిళదేశంలో స్థిరపడి నాలుగు తరాలయింది. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు ఇంట్లో మాట్లాడేవాళ్ళమే గాని నాకు అక్షరాలు రావు. మా నాన్నగారు తమ చిన్ననాటి చందమామలను ఏడాదికొక సంపుటంగా బైండు చేయించి ట్రంకు పెట్టెలో దాచుకున్నారు. వేసవి సెలవుల్లో అవి బయటికి వచ్చేవి. ప్రక్కింటి మామిగారి దగ్గర అవే ఏండ్ల అంబులిమామ సంచికలు కొన్ని వుండేవి. ఒక మధ్యాహ్నం రెండూ ప్రక్క ప్రక్కన పెట్టి చూస్తే ఒక వింత కనిపించింది. రెంటిలోనూ బొమ్మ ఒకటే! అదే మాంత్రికుడు, అదే కోట, అదే గుర్రం. క్రింద అక్షరాలు మాత్రం వేరు. ఇంకేం, తమిళంలో కథ చదువుకుని, తెలుగులో అదే బొమ్మ ప్రక్కన అదే మాట ఎక్కడ వున్నదో వెతకటం మొదలుపెట్టాను. తెలియనిచోట అమ్మను అడిగేవాణ్ణి. ఆ సెలవులు పూర్తయ్యేసరికి కూడబలుక్కుని తెలుగు చదవటం వచ్చింది. నాకు అక్షరాభ్యాసం చేసింది ఆ బొమ్మలే అంటే అతిశయోక్తి కాదు.

ఇందులో మర్మమేమంటే, బి. నాగిరెడ్డిగారూ చక్రపాణిగారూ 1947 జులైలో మద్రాసులో చందమామను తెలుగు, తమిళ భాషల్లో ఒక్కసారే ప్రారంభించారు. తరువాత కన్నడం, హిందీ వచ్చాయి. మరాఠీలో చాందోబా, ఒరియాలో జహ్నమాము అయింది. కథలు తెలుగులో వ్రాసి తక్కిన భాషల్లోకి అనువదించేవారు. బొమ్మలు అన్నిటికీ అవే. కనుక కటకంలోనూ, పూనాలోనూ, బెంగుళూరులోనూ పెరిగిన మన పిల్లలు, ప్రక్కింటి పిల్లలతో పోట్లాడుకున్నా, కలలో చూసిన రాక్షసుడు మాత్రం ఒక్కడే.

ఆ రాక్షసులను సృష్టించినవారిలో మొదట చెప్పవలసింది ‘చిత్ర’. నేను చాలాకాలం అది ఆడవారి పేరనుకున్నాను! ఆయన అసలు పేరు టి. వి. రాఘవన్. తమిళులు. చిత్రకళాశాలలో చదివినవారు కారు, స్వయంగా సాధన చేసినవారు. చందమామ పుట్టినప్పటినుంచీ 1978లో కన్నుమూసే వరకు ఆ పత్రికకే వేశారు. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు, తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, వీటికన్నిటికీ బొమ్మలు చిత్రగారివే. ఎముకలు తేలిన మాంత్రికుల ముఖాలు, నీళ్ళలోంచి లేచే వింత జంతువులు, అడవి జాతుల తలపాగాలు, ఆయుధాలు ఇవన్నీ ఎక్కడ చూసి వేశారా అనిపిస్తుంది. ఎక్కడా లేవు గనుక ఎక్కడా చూడలేదన్నమాట! ఇక్కడ ఒక విచిత్రం వున్నది. ధారావాహిక వ్రాసిన దాసరివారి పేరు ఆ రోజుల్లో పత్రికలో వుండేది కాదు. బొమ్మ వేసిన చిత్రగారి సంతకం మాత్రం మూలన వుండేది. చందమామలో అర్ధశతాబ్ది పనిచేసిన ఆ రచయిత పేరు నావంటివారికి తెలిసింది చాలా ఆలస్యంగా.

ఇక ‘శంకర్’. పేరు కె. సి. శివశంకరన్. 1924లో ఈరోడు ప్రాంతపు పల్లెటూళ్ళో పుట్టి, చదువు కోసం మద్రాసు వచ్చి, ప్రభుత్వ చిత్రకళాశాలలో చేరారు. అప్పుడక్కడ ప్రధానాచార్యులు దేవీప్రసాద్ రాయ్ చౌధురీ. మెరీనా తీరాన నలుగురు కూలీలు బండరాయిని కదిలిస్తున్న విగ్రహం చెక్కినది ఆయనే. శంకర్‌గారు 1946లో కలైమగళ్ అనే తమిళ పత్రికలో ఉద్యోగానికి కుదిరి, 1950 దశకపు మొదట్లో చందమామకు వచ్చారు. వచ్చినవారు మరి కదలలేదు. సుమారు అరవై ఏండ్లు అక్కడే! ఒకే కొలువులో ముప్పై ఏండ్లు గడిపితేనే మా ఆఫీసులో దండ వేసి, శాలువా కప్పి, గొప్పగా చెప్పుకుంటారు.

చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, నడిచిపోతున్న విక్రమార్కుడు, ఈ బొమ్మ ఆయనదే. సంస్కృతంలో వున్న బేతాళ కథలు ఇరవై అయిదే. అవి అయిపోయినా చందమామవారు కొత్తవి కల్పించి దశాబ్దాల తరబడి నడిపారు. కథ ప్రతి నెలా మారేది, రాజు మాత్రం ప్రతి నెలా అదే శవాన్ని మోశాడు. శంకర్‌గారి గొప్పతనం నా దృష్టిలో సన్నని గీత. అంతఃపురం వేస్తే స్తంభం మీద లతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. సభ వేస్తే వెనుక వరుసలో నిలబడ్డ భటుడికి కూడా ఒక ముఖం, ఒక ఆలోచన వుంటుంది. దక్షిణదేశపు గుళ్ళలో శిల్పాలు చూస్తూ పెరిగినవాని చేయి అది అని చూడగానే తెలుస్తుంది. కొందరు చిత్రగారిని శంకర్‌గారి కంటె ఎక్కువ అంటారు. భయపెట్టటంలో ఒప్పుకుంటాను, దైవాన్ని వేయటంలో మాత్రం ఒప్పుకోను.

తొలిరోజుల్లో మహాభారత ఘట్టాలను అట్టమీద రంగుల్లో వేసినవారు ఎం. టి. వి. ఆచార్య. ఆయన కన్నడిగులు, తరువాత బెంగుళూరు వెళ్ళిపోయారు. ఆ అట్టలను చాలా ఇళ్ళలో చించి పటం కట్టించుకున్నారు. మా ట్రంకులోని రెండు మూడు సంచికలకు అట్టలు లేకపోవటానికి కారణం అదేనని నా అనుమానం.

అట్టమీద బొమ్మలకు ఆ తరువాత పేరుబడ్డవారు మన శ్రీకాకుళం బిడ్డ వడ్డాది పాపయ్యగారు (1921–1992). ‘వపా’ అని చేవ్రాలు చేసేవారు. తండ్రి బడిలో డ్రాయింగు మాస్టరు. తొలి గురువు ఆయనే. వపాగారు నగరవాసానికీ, సన్మానాలకూ దూరంగా విశాఖ జిల్లా కశింకోటలో వుంటూ బొమ్మలు మద్రాసుకు పంపేవారు. రంగులు ఆయన చెప్పినట్టు విన్నాయి. చెట్టు నీలంగా వున్నా, ఆకాశం పసుపుగా వున్నా చూసేవారికి ఎబ్బెట్టుగా తోచదు.

బాపుగారిని (1933–2014) గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. రేడియో అన్నయ్యగారి ‘బాల’ పత్రికలో పిల్లవాడిగా వుండగానే బొమ్మలు మొదలుపెట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, ఆ పట్టాను ప్రక్కన పెట్టి, ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగుకు నాలుగు గీతల్లో ప్రాణం పోశారు. శంకర్‌గారు నాలుగు వందల గీతల్లో చేసిన పని అది. రెండూ కష్టమే.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. నాన్నగారు పోయిన తరువాత 2011లో ఇల్లు మారవలసి వచ్చింది. కొత్త ఇల్లు రెండు గదులు. ట్రంకు పెట్టెకు చోటు లేదు. పాత కాగితాలవాణ్ణి పిలిచి సంపుటాలన్నీ కిలోల లెక్కన తూచి ఇచ్చేశాను. తక్కెట్లో పైన వున్న పుస్తకం తెరుచుకుని బేతాళుడి బొమ్మ కనిపించింది. అయినా ఆపలేదు. చందమామ కూడా ఆ తరువాత రెండేండ్లలో ఆగిపోయింది.

2020 సెప్టెంబరు 29న శంకర్‌గారు పోయారు. మరునాడు తమిళ పత్రికలో చదివాను. తొంభై ఆరేండ్లు. ఆయన వున్నది చెన్నైలోనే! నేను ఉద్యోగం మీద ఈ నగరానికి వచ్చి అప్పటికి పదహారేండ్లు. ఒక్క ఆదివారం బస్సెక్కి వెళ్ళి, ‘‘అయ్యా, మీ బొమ్మ చూసి తెలుగు నేర్చుకున్నాను’’ అని తమిళంలో చెప్పి రావలసినవాణ్ణి. ఆయన బ్రతికి వున్నారని కూడా తెలుసుకోలేదు. మరుసటి ఏడు పద్మశ్రీ ఇచ్చారు. అందుకోవటానికి ఆయన లేరు.

నా కూతురికి పదకొండేండ్లు. తమిళం, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు చదవదు. పాత చందమామలు కంప్యూటరులో చూడవచ్చునని తెలిసి తెరిచి చూపించాను. అక్షరాల జోలికి పోలేదు గాని, బొమ్మలు చూస్తూ వుండిపోయింది. ‘‘నాన్నా, ఇది శంకర్, ఇది చిత్ర. చూడకుండా చెప్పనా?’’ అంటుంది, సంతకం మీద వేలు అడ్డం పెట్టి. పదింటికి ఎనిమిది సరిగ్గా చెబుతున్నది. మొన్న ఒక మాంత్రికుడి బొమ్మ చూపించి, క్రింద ఏమి వ్రాశారని అడిగింది. చదివి చెప్పలేదు. మొదటి అక్షరం మాత్రం చెప్పాను.

మన సంఘ సభ్యుల ఇళ్ళలో 1955–65 నడిమి బైండు సంపుటాలు అటకమీద వుంటే దయచేసి తూకానికి వేయకండి. తెలుగుతోపాటు అంబులిమామ కూడా వుంటే మరీ మంచిది. నాకు ఇవ్వనక్కరలేదు. ఒక ఆదివారం మీ ఇంట్లోనే కూర్చుని, పిల్లకు రెండూ ప్రక్క ప్రక్కన పెట్టి చూపించి వెళ్ళిపోతాను.